బయట తిండి బిల్లు తడిసి మోపెడవుతోంది: మానేయాలా, తగ్గించుకోవాలా?

నీలిగోరింట
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారమండీ. నేను ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈసారి మాత్రం మీ సలహా గట్టిగా కావాలి.

ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, ఇద్దరు పిల్లలు. వారాంతంలో ఒక పూట బయట తినడం పెళ్ళయిన కొత్తల్లో మొదలై అలాగే ఉండిపోయింది. ఒళ్ళు అలిసిన రోజున ఫోన్‌లో ఆర్డర్ పెట్టేయడం తర్వాత తర్వాత అలవాటైంది. ఈ ఖర్చు మీద ఎప్పుడూ దృష్టి పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు మావారి కంపెనీలో విడతలవారీగా మనుషుల్ని తీసేస్తున్నారు. ఆయన దాకా ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఎవరూ చెప్పడం లేదు. అందుకని నిన్న ఇద్దరం కూర్చుని కార్డు స్టేట్‌మెంట్లు ముందేసుకున్నాం. బయట తిండికి పెట్టింది, నెల కిరాణాకి పెట్టినదానికి దగ్గర దగ్గరగా ఉంది. తినే నోళ్ళు పెరగలేదు, వెళ్ళే చోటు మారలేదు, బిల్లు మాత్రం తడిసి మోపెడవుతోంది.

నాకు రెండు సంగతులు తెలియాలి. సరుకుల ధరలు కాస్త నెమ్మదించాయని వార్తల్లో చెబుతున్నారు కదా, మరి హోటళ్ళలో రేట్లు ఎందుకు దిగడం లేదు? రెండోది, ఇలాంటి రోజుల్లో మీరంతా ఏం చేస్తున్నారు? పూర్తిగా మానేశారా? తగ్గిస్తే దేన్ని తగ్గించారు?

పాతకాపు
సోమవారం, రాత్రి 10:05

మానేయమ్మా. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు ముందు కోయాల్సింది బయట తిండినే. ఇంటి అద్దె ఆపలేవు, పిల్లల ఫీజు ఆపలేవు. దీన్ని ఈ రాత్రే ఆపొచ్చు. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో పోగుపడ్డాక మళ్ళీ మొదలుపెట్టుకోండి.

లెక్కలమారి
సోమవారం, రాత్రి 10:31

నీలిగోరింట గారూ, మీ మొదటి ప్రశ్నకి నేను చెప్తాను.

వార్తల్లో "నెమ్మదించాయి" అన్నది పెరిగే వేగం గురించి. ధర వెనక్కి వచ్చిందని కాదు. ఎక్కిన మెట్టు మీదే ఉండి, పై మెట్టు కాస్త ఆలస్యంగా ఎక్కుతోందన్నమాట.

ఇంకో సంగతి, కిరాణా ధరలూ హోటల్ ధరలూ ఒకేసారి కదలవు. అమెరికా వ్యవసాయ శాఖ ఈ రెంటినీ వేరువేరుగా లెక్కగడుతుంది కాబట్టి అక్కడి అంకెలు ఇస్తున్నా. 2022లో ఇంటికి కొనుక్కునే సరుకులు 11.4 శాతం పెరిగాయి, బయట తిండి 7.7 శాతం. 2023లో సరుకులు 5 శాతం, బయట తిండి 7.1. 2024కి వచ్చేసరికి సరుకులు 1.2 శాతమే, బయట తిండి 4.1. చూశారా, మొదట కిరాణా దూకింది. హోటలువాళ్ళు కొన్నాళ్ళు పళ్ళబిగువున ఓర్చుకుని ఆ తర్వాత ఒక్కో మెట్టూ ఎక్కించారు. కిరాణా చల్లబడ్డాక కూడా వాళ్ళ పెంపు సాగుతూనే ఉంది. మీకు ఇప్పుడు అన్యాయంగా కనిపిస్తున్నది ఈ తేడానే.

మొదటి దూకుడుకి కారణం మనందరికీ గుర్తుండే ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఓడలు ఆగిపోయాయి. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతుల్ని కొన్ని వారాలపాటు నిలిపేసింది. ఆ మార్చిలోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ధరల సూచీ, 1990 నుంచి ఉన్న లెక్కల్లో ఎన్నడూ లేనంత ఎత్తుకి వెళ్ళింది. నూనె లేకుండా నడిచే వంటగది ఎక్కడుంది చెప్పండి.

కొండగాలి
సోమవారం, రాత్రి 10:48

అదంతా సరేనండీ, సూచీ అక్కణ్ణించి దిగింది కదా. నూనె రేటు పెరిగిన వారానికే మెనూ మీద కొత్త స్టిక్కర్ అంటించేవాళ్ళు, తగ్గినప్పుడు ఆ స్టిక్కర్ పీకరేం? మా వీధి చివర హోటల్లో మెనూ కార్డు పట్టుకుంటే ఒకదాని మీద ఒకటి అంటించిన స్టిక్కర్లు వేలికి తగులుతాయి. అంచు లేచిన చోట పాత రేటు కనబడుతుంది. ఒక్కటంటే ఒక్కటి కిందికి దిగినది లేదు.

గరిటెకాడ
సోమవారం, రాత్రి 11:36

కొండగాలి గారూ, మీ కోపం అర్థమైంది. నేను చిన్న రెస్టారెంటు నడుపుతాను. ఇప్పుడే షట్టర్ దించి వచ్చాను. లోపలి లెక్క ఉన్నదున్నట్టు చెప్తాను, ఆ తర్వాత మీరేమన్నా పడతాను.

వంద బిల్లు అయితే అందులో సరుకు ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు. వంటవాళ్ళు, సర్వర్లు, గిన్నెలు కడిగేవాళ్ళు, వీళ్ళ జీతాలకి మరో ముప్ఫై. ఈ రెండూ కలిపి అరవై, అరవై అయిదు దాటితే ఆ హోటల్ మునిగినట్టేనని ఈ వ్యాపారంలో అందరూ చెప్పే మాట. మిగిలిన దాంట్లో అద్దె, గ్యాస్, కరెంటు, కార్డు మెషీను రుసుము, ఫ్రిజ్ రిపేరు, లైసెన్సులు, పారేసిన సరుకు. అన్నీ పోను మూడో, నాలుగో, అయిదో మిగిలితే మంచి నెల. నూనె రేటు తగ్గితే నాకు తగ్గేది ఆ ముప్ఫైలో ఒక ముక్క. అదే సమయంలో అద్దె ఒప్పందం తిరగరాస్తారు, జీతాలు పెంచమంటారు. పెంచకపోతే వంటమనిషి పక్క హోటల్లో ఉంటాడు. అద్దె ఒకసారి పెరిగాక తగ్గడం నా అనుభవంలో లేదు. పెంచిన జీతం తగ్గించలేను, తగ్గించకూడదు కూడా.

ఇంకొకటి, బయటివాళ్ళకి కనపడనిది. మీరు వచ్చినా రాకపోయినా నా పొయ్యి వెలుగుతూనే ఉండాలి. మధ్యాహ్నం మూడున్నరకి ఒక్క టేబులూ నిండదు. అయినా ఏసీ తిరుగుతుంది, స్టాకు గిన్నె సన్నసెగ మీద ఉంటుంది, ముగ్గురు మనుషులు నిలబడి ఉంటారు. నెలకి వంద టేబుళ్ళ వల్ల గట్టెక్కే అద్దె, జీతాల బరువు, ఎనభై టేబుళ్ళే నిండితే ఒక్కో టేబుల్ మీద పాతిక శాతం పెరుగుతుంది. జనం భయపడి రావడం తగ్గించేకొద్దీ, వచ్చేవాళ్ళ మీద భారం పెరుగుతుంది. రేటు పెంచితే ఇంకొందరు తగ్గుతారు. ఈ సుడిలోంచి ఎలా బయటపడాలో తెలియక మూసేసినవాళ్ళని చాలామందిని చూశాను.

నీలిగోరింట
మంగళవారం, ఉదయం 7:10

గరిటెకాడ గారూ, అంత రాత్రి పూట ఓపిగ్గా రాసినందుకు చాలా థాంక్స్ అండీ. ఒక్కటి మాత్రం అడగాలి. రేటు పెరిగితే పెరిగింది, ప్లేట్లో పరిమాణం కూడా తగ్గిందనిపిస్తోంది. ఇది నా భ్రమా?

గరిటెకాడ
మంగళవారం, ఉదయం 8:02

భ్రమ కాదమ్మా. ఈ వ్యాపారంలో జరుగుతున్నదే. గిన్నె మార్చి అదే ఎత్తు కనబడేలా వడ్డించడం, పక్కన ఊరికే పెట్టేవి తీసేయడం, ఖరీదైన దినుసు రెండు ముక్కలు తగ్గించడం. నేను చెయ్యను. చేసేవాళ్ళు దుర్మార్గులనీ అనను, రేటు పెంచితే గిరాకీ పోతుందన్న భయం అది. కానీ తినేవాడికి తెలిసిపోతుంది. రేటు పెరిగిందంటే ఒకసారి గొణుక్కుని ఊరుకుంటారు, ప్లేటు తగ్గిందంటే మోసపోయామనుకుని మళ్ళీ రారు.

కొండగాలి
మంగళవారం, ఉదయం 8:20

మీరు చెప్పిన లెక్క చూశాక హోటలువాళ్ళ మీద కోపం కొంత తగ్గింది. అయితే ప్రభుత్వమే పన్ను తగ్గించాలి. తిండి మీద పన్నేమిటి అసలు? అది తీసేస్తే మనకీ చవక, మీకూ గిరాకీ.

లెక్కలమారి
మంగళవారం, ఉదయం 9:15

వినడానికి బాగుంటుంది కానీ అలా చేసి చూసిన దేశం ఉంది. ఫ్రాన్స్‌లో 2009 జులైలో రెస్టారెంట్ల మీద విలువ ఆధారిత పన్నును 19.6 శాతం నుంచి ఒక్కసారిగా 5.5కి దించారు. ధరలు తగ్గిస్తాం, జీతాలు పెంచుతాం, మనుషుల్ని పెట్టుకుంటాం అని హోటల్ సంఘాలు మాట ఇచ్చాయి. తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, తినేవాళ్ళ దాకా వచ్చింది కొంచెమే, ఎక్కువ వాటా యజమానుల దగ్గరే ఆగిందని తేలింది. ఆ పన్నును మళ్ళీ 2012లో 7కి, 2014లో 10కి పెంచారు.

పన్ను తగ్గించొద్దని నేననను. కష్టకాలంలో హోటళ్ళు మూతపడకుండా నిలబెట్టడానికి అది పనికొస్తుంది. 2020 జులైలో బ్రిటన్ 20 నుంచి 5కి దించింది అందుకే. మన బిల్లు తగ్గించే మంత్రంగా మాత్రం దాన్ని చూడకండి.

రాత్రిషిఫ్టు
మంగళవారం, మధ్యాహ్నం 2:40

నా గొడవ వేరు. మానేయండి, తగ్గించండి అంటున్నారు, మా రూములో వంటకి వీల్లేదు. ఒక కెటిల్, ఒక బకెట్టు, ఒక మంచం. పని ముగిసేది తెల్లవారుజామున. ఆ టైమ్‌కి తెరిచి ఉండేది ఏదైతే అదే నా తిండి. మీకు బయట తిండి సరదా, నాకు అది బతుకు. రేట్లు పెరిగినప్పుడల్లా నేను కోసుకోవడానికి సరదా ఏమీ లేదు, పూటనే కోసుకోవాలి. నాలాంటివాళ్ళు ప్రతి నగరంలోనూ వేలమంది ఉంటారు. ఈ చర్చల్లో మా మాట రాదు, అందుకే రాస్తున్నా.

గ్రంథాలయం
మంగళవారం, మధ్యాహ్నం 3:25

రాత్రిషిఫ్టు గారు చెప్పింది చాలా ముఖ్యమైన మాట. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ దీన్ని గుర్తించింది. బాంబుదాడుల్లో ఇళ్ళు పోయినవాళ్ళకీ, ఫ్యాక్టరీల్లో వేళాపాళా లేకుండా పనిచేసేవాళ్ళకీ వండుకునే వీలు లేదని, స్థానిక ప్రభుత్వాల చేత సామూహిక భోజనశాలలు పెట్టించింది. "బ్రిటిష్ రెస్టారెంట్లు" అన్నారు. 1943 నాటికి రెండు వేలకు పైగా ఉండేవి. తక్కువ రేటు, కడుపునిండా భోజనం. అవి బీదవాళ్ళకి వేసే దానం కాదు, ఎవరైనా డబ్బు కట్టి తినే చోట్లు. పోలండ్‌లో "మిల్క్ బార్లు" అనే చవక భోజనశాలలు ఇప్పటికీ ప్రభుత్వ రాయితీతో నడుస్తున్నాయి. ఉద్యోగాలు ఊగిసలాడే రోజుల్లో నగరాలు ఆలోచించాల్సింది ఇలాంటివాటి గురించి. ఇది హోటలువాళ్ళ కడుపు కొట్టడం కూడా కాదు. అక్కడికి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఎలాగూ హోటల్ గుమ్మం ఎక్కలేరు.

చిట్టిచేమంతి
మంగళవారం, రాత్రి 10:50

నిన్నటి నుంచి చదువుతున్నాను. అందరూ అన్ని లెక్కలూ చెప్పారు. ఒక్క లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఇంట్లో వండుకుంటే చవక." దేనికంటే చవక? బియ్యం, కూరగాయలు, నూనె, గ్యాస్ కలిపి హోటల్ బిల్లుతో పోలుస్తున్నారు. హోటల్ బిల్లులో వందకి ముప్ఫై మనుషుల జీతమని గరిటెకాడ గారే చెప్పారు. ఇంటి వంటలో ఆ ముప్ఫై ఎక్కడుంది? సున్నా వేశారు. ఆ సున్నా ఎవరి ఒంటిమీద పడుతుందో ఎవరికీ పట్టలేదు.

నేను చెప్తా వినండి. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు తగిలించగానే సింకు ముందు నిలబడతాను. పొద్దున్న డబ్బాలు మూతలు బిగుసుకుపోయి ఉంటాయి, అవి నానబెట్టాలి. కూరగాయల్లో ఏది పాడవబోతోందో చూసి అదే తరగాలి. పొయ్యి మీద పాల మీద ఒక కన్ను, పిల్లాడి లెక్కల పుస్తకం మీద ఒక కన్ను. వడ్డించాక తుడుపులు, కడుగుళ్ళు, రేపటికి నానబోతలు. ఇదంతా అయ్యాక "ఇవాళ ఉప్పు తగ్గింది" అని ఒక మాట. నీలిగోరింట గారు వారం మధ్యలో ఆర్డర్ పెట్టుకున్న రోజు ఆవిడ కొన్నది తిండి ఒక్కటే కాదు. ఆ రెండు గంటలు కొనుక్కుంది. అది మానేయమని అంత తేలిగ్గా చెప్పేస్తే, ఆ రెండు గంటలు మళ్ళీ ఎవరి నెత్తిన పెడుతున్నట్టు?

మార్గరెట్ రీడ్ అనే ఆర్థికవేత్త 1934లోనే ఈ మాట అడిగింది. డబ్బిచ్చి ఇంకొకరి చేత చేయించుకోగలిగిన పని ఏదైనా, ఇంట్లో చేసినా అది ఉత్పత్తేనని ఆవిడ వాదన. దేశాల జీడీపీ లెక్కల్లో ఇప్పటికీ ఇంటి వంట లేదు. అదే వంట హోటల్లో వండితే ఉంది.

నేను బయట తినమని చెప్పడం లేదు. డబ్బు లేనప్పుడు లేదు, తప్పదు. తగ్గించే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్కటి తేల్చుకోండి: ఆర్డర్ ఆపేసిన రోజున వండేది ఎవరు, కడిగేది ఎవరు?

ట్రేమోసినచెయ్యి
మంగళవారం, రాత్రి 11:12

చిట్టిచేమంతి అక్కా, ప్రతి అక్షరం నిజం.

పాతకాపు
బుధవారం, ఉదయం 6:15

చిట్టిచేమంతమ్మా, నువ్వు చెప్పింది కాదనడానికి లేదు. అయినా నా మాట మీద నేను నిలబడతాను. ఉద్యోగం పోయిన ఇంట్లో నేను పెరిగాను. మా నాన్న పనిచేసిన మిల్లు మూతపడ్డప్పుడు చేతిలో కాణీ లేదు. అప్పు చేసి తిన్న ప్రతి ముద్దకీ ఏళ్ళ తరబడి వడ్డీ కట్టాం. అందుకే దాచుకోమంటాను. పని పంచుకోవడం దానికి అడ్డం కాదు కదా. మా ఇంట్లో పొద్దుటి వంట, గిన్నెలు నావి, రాత్రివి మా ఆవిడవి. రిటైరయ్యాక మొదలుపెట్టింది కాదు, పిల్లలు చిన్నప్పటి నుంచీ అంతే. నీలిగోరింటమ్మా, మీ ఆయనకి ఈ ముక్క చదివి వినిపించు.

లెక్కలమారి
బుధవారం, ఉదయం 9:40

పాతకాపు గారి అప్పు మాట చూసి ఒకటి గుర్తొచ్చింది. 2025 మార్చిలో అమెరికాలో డోర్‌డాష్, క్లార్నా అనే రెండు కంపెనీలు కలిసి, తిండి ఆర్డర్‌కి కూడా వాయిదాల్లో కట్టుకునే సదుపాయం ప్రకటించాయి. వాయిదాల మీద భోజనం! ఉద్యోగం ఊగిసలాడుతున్నవాళ్ళెవరూ దయచేసి అటు వెళ్ళకండి. తిన్నది అరిగిపోయాక కూడా బాకీ మిగిలి ఉంటుంది. ఫ్రిజ్ వాయిదాల్లో కొంటే కనీసం ఫ్రిజ్ ఉంటుంది.

అలాగే క్రెడిట్ కార్డు బిల్లులో "కనీస మొత్తం" మాత్రమే కడుతున్న ఇంట్లో బయట తిండి ఖర్చు, మెనూలో కనిపించేదానికంటే చాలా ఎక్కువ. అలాంటివాళ్ళకి నా సలహా పాతకాపు గారిదే. ముందు పూర్తిగా ఆపండి, బాకీ తీర్చండి.

రాత్రిషిఫ్టు
బుధవారం, మధ్యాహ్నం 1:05

గరిటెకాడ అన్నా, యాప్‌లో చూసిన రేటు, హోటల్లో కూర్చుంటే వేసే రేటు ఒకటి కాదని మొన్న గమనించా. డెలివరీ ఖర్చు విడిగా వేస్తున్నారుగా, ఐటమ్ రేటే ఎందుకు పెరగాలి?

గరిటెకాడ
బుధవారం, మధ్యాహ్నం 3:50

తమ్ముడూ, ఇప్పుడే కాస్త ఖాళీ దొరికింది. డెలివరీ యాప్‌లు మా దగ్గర తీసుకునే కమిషన్ ఒప్పందాన్ని బట్టి పదిహేను నుంచి ముప్ఫై శాతం దాకా ఉంటుంది. ముప్ఫై అనుకో. నా చేతికి వంద రావాలంటే యాప్‌లో 143 పెట్టాలి. దాని మీద నీకు డెలివరీ రుసుము, ప్లాట్‌ఫామ్ రుసుము, ప్యాకింగు, వాన పడితే అదనం. ఇవన్నీ కలిశాక పూటకి సరిపడే తిండి పూటన్నర రేటు అవుతుంది. యాప్ వాళ్ళకీ ఖర్చులున్నాయి, బండి మీద తెచ్చే కుర్రాడికి ఎవరో ఒకరు ఇవ్వాలి, అది నేను కాదనను. 2020లో కరోనా వేళ న్యూయార్క్ నగరం డెలివరీ కమిషన్ 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టింది. అంటే మోయలేని బరువు అని నగర పాలకులకే అనిపించింది.

నేను చెప్పేదొకటే. దారిలో ఉన్న హోటలైతే ఫోన్ చేసి చెప్పి, నువ్వే వెళ్ళి తెచ్చుకో. రోజూ తినేవాడివైతే యజమానితో నెలవారీగా మాట్లాడుకో. రోజూ తప్పకుండా వచ్చే మనిషంటే మాకు వారాంతపు జనం కంటే విలువ. ఎంత వండాలో తెలుస్తుంది, పారేసేది తగ్గుతుంది. ఆ మేరకు రేటు తగ్గించడానికి చాలామంది ఒప్పుకుంటారు. అడగడానికి మొహమాటపడకు.

ట్రేమోసినచెయ్యి
బుధవారం, రాత్రి 11:55

నేను సర్వర్‌గా చేశాను, ఇప్పుడు ఫ్లోర్ చూసుకుంటున్నాను. మా వైపు నుంచి కొన్ని మాటలు.

గిరాకీ తగ్గితే ముందు కోత పడేది మా షిఫ్టులకే. ఉద్యోగం తీసేశామని ఎవరూ చెప్పరు. "వచ్చే వారం నువ్వు మూడు రోజులొస్తే చాలు" అంటారు. జీతం సగమవుతుంది, లెక్కల్లో మాత్రం ఉద్యోగం ఉన్నట్టే. వచ్చినవాళ్ళు బిల్లు చూసి విసుక్కునేదీ మా మీదే. ఫోల్డర్ తెరిచి, ఒక్కో లైను వేలితో చూపిస్తూ ఇదేంటి, ఇదెంత అని పిల్లల ముందు అరుస్తారు. ఆ రేటు పెట్టింది మేం కాదండీ. అదే భోజనం మేం బయట కొనుక్కోలేం.

మా మీద జాలిపడి మీరు రావాలని నేనడగను. మీ ఇంటి పొయ్యి ముందు. వచ్చినప్పుడు మాత్రం మామూలు రోజుల్లో, మధ్యాహ్నం పూట రండి. శనివారం రాత్రి మాకు ఊపిరాడదు, మీకు సరైన సేవా అందదు. మంగళవారం మధ్యాహ్నం ఖాళీ కుర్చీలు చూస్తూ నిలబడతాం. చాలా చోట్ల మధ్యాహ్నం భోజనం రేటు తక్కువగా పెట్టేది ఆ కుర్చీలు నింపడానికే. వంటగది అదే, వంటవాడూ అదే.

ఇంకొకటి, లోపలి మనిషిగా చెప్తున్నా. బిల్లు పెరిగేది అసలు భోజనం దగ్గర కాదు. కూర్చోగానే వచ్చే నీళ్ళ సీసా, డ్రింకులు, ముందు కొరుక్కునేవి, చివర తీపి. మాకు ఎక్కువ మిగిలేవి అవే, అందుకే ముందుగా వాటి గురించే అడగమని మాకు నేర్పిస్తారు. వద్దనుకుంటే నవ్వుతూ వద్దనండి, మేమేమీ అనుకోం.

గ్రంథాలయం
గురువారం, ఉదయం 8:30

దీనికి తోడు మెనూ కార్డు. 2009లో కార్నెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక రెస్టారెంట్లో పరీక్షించి చూశారు. ధర పక్కన డాలర్ గుర్తు గానీ, డాలర్లు అన్న మాట గానీ ఉన్న కార్డు చూసినవాళ్ళ కంటే, ఉత్త అంకె ఉన్న కార్డు చూసినవాళ్ళు ఎక్కువ ఖర్చుపెట్టారు. డబ్బు గుర్తుకురాకపోతే చెయ్యి వదులవుతుంది. నేను ఇంటి దగ్గరే మెనూ చూసుకుని, ఏం తినాలో ముందే అనుకుని వెళ్తాను. ఆకలి మీద కార్డు తెరవను.

కొండగాలి
గురువారం, ఉదయం 9:05

నాదో సందేహం. ఫ్యాక్టరీల్లో తయారయ్యే టీవీలు, ఫోన్లు ఏటేటా అదే ధరకి మెరుగైనవి వస్తున్నాయి. హోటల్ భోజనం మాత్రం ఏటా పెరగడమే తప్ప ఇంకో దారి లేదా?

లెక్కలమారి
గురువారం, ఉదయం 10:20

దీనికి 1966లో విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జవాబు చెప్పారు. నలుగురు వాయించే సంగీత కచేరీకి రెండొందల ఏళ్ళ కిందటా నలుగురే కావాలి, ఇప్పుడూ నలుగురే, అంతే సమయం. ఫ్యాక్టరీలో ఒక మనిషి చేసే పని యంత్రాలతో పదింతలవుతుంది, అక్కడ జీతాలు పెరుగుతాయి. కచేరీవాళ్ళకీ ఆ మేరకు ఇవ్వకపోతే ఈ పనిలో ఎవరూ ఉండరు. కాబట్టి మనిషి చేతిమీద నడిచే ప్రతి పనీ మిగతావాటితో పోలిస్తే ఖరీదవుతూ పోతుంది. వంట, వడ్డన, క్షవరం, పిల్లల చదువు అన్నీ అంతే.

అందుకే ఈ రేట్లు వెనక్కి వస్తాయని ఎదురుచూడటం దండగ. వంటవాడికి, సర్వర్‌కి సరైన జీతం ఇచ్చే భోజనం ఇకముందు కూడా ఖరీదే. చవగ్గా దొరుకుతోందంటే ఎక్కడో ఎవరి జీతంలోనో కోత పడిందని అనుమానించాలి.

నీలిగోరింట
శుక్రవారం, రాత్రి 9:20

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇది మొత్తం మావారికి చదివి వినిపించాను. చిట్టిచేమంతి గారు రాసింది ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

మేం అనుకున్నది చెప్తాను. ఆర్డర్లు ఆపేశాం. యాప్ తీసేశాం. కార్డు స్టేట్‌మెంట్లు మళ్ళీ విడదీసి చూస్తే పెద్ద కన్నం అదే. కూర్చుని తిన్న భోజనాలు ఒకటీ అరా గుర్తున్నాయి, ఆర్డర్ పెట్టినవి ఒక్కటీ గుర్తు లేదు. బుధ, శుక్రవారాలు వంట ఆయనది. ఆ రోజుల్లో నేను వంటగదిలోకి రాను, రుచి గురించి మాట్లాడను, అది మా ఒప్పందం. వారాంతం రాత్రి భోజనం బదులు నెలకి రెండుసార్లు మధ్యాహ్నం వెళ్తాం. దానికి విడిగా డబ్బు తీసి పెడతాం, అది అయిపోతే ఆ నెలకి అంతే. మిగిలింది పాతకాపు గారు చెప్పినట్టు ఆరు నెలల ఖర్చు వైపు వెళ్తుంది. ఉద్యోగం నిజంగా పోతే ఆ రెండుసార్లూ ఆపేస్తాం.

పిల్లలకి దాచకుండా చెప్పాం. పెద్దది "నాన్న ఉద్యోగం పోతుందా?" అని సూటిగా అడిగింది. తెలియదమ్మా, అందుకే ముందుగా జాగ్రత్త పడుతున్నాం అన్నాం. కాసేపు మౌనంగా ఉండి, అయితే ఎక్కడికి వెళ్ళాలో ఈసారి నేను ఎంచుతానంది. సరే అన్నాం.

పాతకాపు
శుక్రవారం, రాత్రి 9:48

రెండుసార్లు కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. అయినా పిల్లకి నిజం చెప్పారు చూడు, అది నాకు నచ్చింది.

చిట్టిచేమంతి
శుక్రవారం, రాత్రి 10:15

బుధ, శుక్రవారాల్లో కడగడం కూడా ఆయనదే కదా? అది ముందే మాట్లాడుకోండి. వండి గిన్నెలు వదిలేస్తే సగం పని మిగిలినట్టే.

నీలిగోరింట
శుక్రవారం, రాత్రి 10:22

కడగడం కూడా ఆయనదేనండీ. పక్కనే ఉన్నారు, రాయమంటున్నారు.

రాత్రిషిఫ్టు
శనివారం, ఉదయం 5:30

గరిటెకాడ అన్నా, నువ్వు చెప్పినట్టు మా ఆఫీసు పక్క హోటల్ ఆయన్ని అడిగాను. నెల డబ్బు ముందే కడితే తగ్గిస్తానన్నాడు. నెల మొత్తం ముందే కట్టాలంటే భయంగా ఉంది, మూసేస్తే పోతాయి. పదిహేను రోజులకోసారి అన్నాను, ఒప్పుకున్నాడు. అక్కడ రాత్రిపూట వడ్డించే పెద్దాయనకి ఏదైనా ఇద్దామనిపిస్తోంది. బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని ఉంది, అది ఆయనకి చేరుతుందా?

ట్రేమోసినచెయ్యి
శనివారం, మధ్యాహ్నం 12:10

చోటుని బట్టి ఉంటుంది తమ్ముడూ. కొన్ని చోట్ల అందరికీ పంచుతారు, కొన్ని చోట్ల యజమాని ఖాతాలోనే ఉంటుంది. బిల్లు చూసి తెలుసుకోలేవు. జనం లేని టైమ్‌లో ఆయన్నే మెల్లగా అడుగు. చేరడం లేదంటే, ఇవ్వదలచుకున్నది కార్డు మీద కలపకుండా నోటు రూపంలో ఆయన చేతికే ఇవ్వు. టేబుల్ మీద మాత్రం వదలకు, అది ఎవరు తీస్తారో చెప్పలేం.